ఆరు తర్వాత

ఒకటి నుంచి లెక్కపెట్టమంటాను.
పాలరంగు మందు నరంలోకి జారుతుండగా
కొందరు నాలుగు దగ్గర ఆగుతారు, చాలామంది ఆరు దగ్గర.
గుంటూరు పెద్దాసుపత్రిలో పంతొమ్మిదేళ్ళు,
తొమ్మిది దాటినవాణ్ణి చూడలేదు
ఒక్క కొరిటెపాడు లెక్కల మాస్టారు తప్ప.
ఆయన పదకొండు అని, నవ్వి, నిద్రపోయాడు.

లెక్కపెట్టనివాళ్ళూ ఉంటారు.
వాళ్ళు ఎవరినో పిలుస్తారు.
పిలుపు మధ్యలో తెగుతుంది.
"ఓ తండ్రీ, నా చంటిది…"
"యా అల్లా, ఈ ఒక్క…"
"నరసింహా, కొండెక్కి పానకం పో…"
మిగిలిన సగం నా దగ్గరే ఉండిపోతుంది.
ఏ దేవుడికీ దణ్ణం పెట్టని నా దగ్గర
ఇన్ని సగం మొక్కులు,
తాళం లేని బీరువాలో ఊరివాళ్ళ నగల్లా.

ఆ రాత్రి మస్తానమ్మను తెచ్చారు.
మిరపయార్డులో తొడిమలు తీసే మనిషి.
పేగుకు చిల్లు, పొట్ట చెక్కలా బిగిసింది,
మూడు రోజులు ఓర్చుకుందట.
వేలికి క్లిప్పు పెడితే మిషన్ అంకె చూపలేదు,
గోళ్ళలో ముప్పై ఏళ్ళ కారం ఎరుపు.
చెవి తమ్మెకు పెట్టాం.
తొంభై ఒకటి.

కుడి జబ్బకు నల్లతాడు, తాయెత్తు.
థియేటర్లో ఒంటి మీద లోహం ఉండకూడదు.
కత్తెర కోసం చూశాను.
సిస్టర్ సువార్తమ్మ నా చేతిని పక్కకు నెట్టి
ముడి విప్పింది, గోటితో, ఓపిగ్గా,
ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూచునే మనిషి.
కేసు షీటు వెనక టేపుతో అంటించి
పక్కన రాసింది:
తాయెత్తు ఒకటి, వెండిది. లేచాక ఇవ్వాలి.
లేచాక.
నేనింకా మత్తే ఇవ్వలేదు.

"ఒకటి నుంచి లెక్కపెట్టు తల్లీ."
"నాకు లెక్క రాదు బాబూ,
ఎన్ని టిక్కీలో మేస్త్రీయే రాసుకుంటాడు.
నువ్వు లెక్కపెట్టు, నేను పేరు తలుచుకుంటా.
మస్తానయ్యా, నన్ను…"

నాకు కోపం లేదనుకోకండి.
అంతకు నెల ముందే ప్రత్తిపాడు నుంచి పదహారేళ్ళ కుర్రాడు,
రక్తంలో చక్కెర ఆరు వందలు.
నమ్మకం చాలనివాడికే సూది అని
ఎవరో స్వామి విభూతి పొట్లమిచ్చి ఇన్సులిన్ మాన్పించాడు.
ఆ పొట్లం చెత్తబుట్టలో వేశాను.
ఇవాళైనా అదే పని చేస్తాను.
పొట్లానికీ తాయెత్తుకీ తేడా ఏమిటని
ఒకసారి పైకే అనేశాను.
సువార్తమ్మ దూది ఉండలు చుడుతూ చెప్పింది:
"అది సూది వద్దంది సార్.
ఇది సూదికి చెయ్యి చాపింది."

రెండూ పదికి గుండె ఆగింది.
అడ్రినలిన్ వెళ్ళింది. సర్జన్ వెనక్కి జరిగాడు.
నా అరచేతులు ఆమె ఎదురొమ్ము మీద.
ఒకటి, రెండు, మూడు,
ఆమె నాకు వదిలేసిన లెక్క ఇదే కాబోలు,
నాలుగు, ఐదు, ఆరు,
ఏడు.
ముప్పై. మళ్ళీ ఒకటి.
నిమిషానికి వందకు తగ్గకూడదని పుస్తకంలో ఉంది,
రొమ్ము ఎన్ని అంగుళాలు దిగాలో ఉంది.
అంకెలు నాలుక మీద అరిగి అరిగి
పేర్లలా మారిపోతాయని లేదు.
ఎన్నో ముప్పైలోనో
తెర మీద ఒక చిన్న మిట్ట లేచింది.
ఎవరూ మాట్లాడలేదు.
సర్జన్ వదిలిన కుట్టు అందుకున్నాడు.

రికార్డులో అడ్రినలిన్ అని రాశాను, టైముతో సహా.
అది నిజం.
ఆ గడి పక్కన ఇంకో గడి లేదు.

నాలుగో రోజు గొంతులో గొట్టం తీశాం.
గరగరలాడే గొంతుతో అడిగింది:
"ఎందాకా లెక్కపెట్టావు బాబూ?"
నేను మానిటర్ వైపు తిరిగాను,
అక్కడ చూడాల్సిందేదో ఉన్నట్టు.
వెనక సువార్తమ్మ టేపు ఊడదీస్తోంది,
కాగితం చిరక్కుండా, నిదానంగా.